పదిమంది సొమ్ముకు కాపలాదారు

నరసరావుపేట నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం పదిరోజులుగా నా బల్లమీద ఉన్నది. ఆవకాయ బూజు పట్టిందనో, పిల్లవాడు అన్నం తినడం లేదనో వచ్చే ఉత్తరాలకు వెంటనే జవాబు వ్రాస్తూ, దీన్ని మాత్రం రోజూ తీసి చదివి మళ్ళీ పక్కన పెడుతూ వచ్చాను. తొందరపడి చెప్పే జవాబు కాదు గనుక.

ఆమె ఇలా వ్రాశారు:

"అక్కయ్యగారూ, మావారు ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళుగా పనిచేస్తున్నారు. మొన్న ఉగాదికి ముందు తోటివాళ్ళంతా కలిసి ఆయన్ను ప్రావిడెంటు ఫండు ట్రస్టుకు ట్రస్టీగా ఎన్నుకున్నారు. ఇంటికి వచ్చి స్వీట్లు పంచారు. మా అత్తగారు కోటప్పకొండకు వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చారు. ఇప్పుడేమో ఆయనకు నిద్ర లేదు. ఆఫీసువాళ్ళు ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారట. ఫండులోని సొమ్ము కొంత ఫలానా కంపెనీ బాండ్లలో పెట్టాలని అందులో తీర్మానం ఉన్నది. మీటింగు జరగలేదు. తేదీ కిందటి నెలది వేసి ఉన్నది. 'ఇదంతా మామూలే, మిగతావాళ్ళు పెట్టేశారు' అన్నారట. పైగా మూడు నెలలుగా జీతాల్లో కోసిన సొమ్ము ట్రస్టుకు జమ కాలేదని ఈయనకు లెక్కల పుస్తకంలో కనిపించింది. పెడితే భయం, పెట్టకపోతే ఉద్యోగానికి భయం. అమ్మాయికి సంబంధం కుదిరే సమయం. 2023లో ఎక్కువ పెన్షనుకు దరఖాస్తు పెట్టాము. అది రాదేమోనంటున్నారు, ట్రస్టు నిబంధనలు అడ్డమట. నన్నేమి చెప్పమంటారు?"

ఫ్యాక్టరీ పేరు ఆమె వ్రాయలేదు, నేనూ అడగను. ఈ మాట ఒక్క ఫ్యాక్టరీది కాదు. మన ఇళ్ళల్లో జీతం రాగానే చీటీకి ఇంత, పాలకు ఇంత, బడి ఫీజుకు ఇంత అని విడదీసే ఆడవాళ్ళలో, జీతం చేతికి రాకముందే కోతపడే ఆ మొదటి సొమ్ము ఎక్కడికి పోతుందో, దానికి కాపలా ఎవరో తెలిసినవారు నూటికి పదిమంది కూడా ఉండరని నా అనుమానం. అంచేత ముందు ఆ సంగతి చెప్పి, తరవాత సంతకం సంగతికి వస్తాను.

ప్రావిడెంటు ఫండు చట్టం 1952లో వచ్చింది. అంతకు ముందు 1951 నవంబరులో ఆర్డినెన్సు రూపంలో వచ్చింది. మొదట ఆరు పరిశ్రమలకే అది వర్తించింది: సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు. ఆ ఆరింటిలో సిమెంటు ఉండడం పల్నాడుకు ముఖ్యమైన సంగతి. సున్నపురాయి పుష్కలంగా ఉన్న నేల మనది. మెట్ట చేలో మిరపా పత్తీ వేసుకుని వాన కోసం ఆకాశం చూసిన కుటుంబాల పిల్లలు సిమెంటు ఫ్యాక్టరీలలో చేరాక, ముసలితనానికి ఎకరం చెక్కను కాక జీతంలో దాచిన సొమ్మును నమ్ముకోవడం నేర్చుకున్నారు.

ఈ సొమ్మును దాచడానికి రెండు దారులు. ఒకటి, ప్రభుత్వ సంస్థ అయిన ప్రావిడెంటు ఫండు ఆఫీసుకే నెలనెలా కట్టడం. దానికి ఢిల్లీలో కేంద్ర ధర్మకర్తల మండలి ఉన్నది. కేంద్ర కార్మికమంత్రి అధ్యక్షులు. కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల ప్రతినిధులతో పాటు యజమానుల తరఫున పదిమంది, ఉద్యోగుల తరఫున పదిమంది అందులో కూర్చుంటారు. రెండో దారి, పెద్ద కంపెనీ ఏదైనా "మా ఉద్యోగుల ఫండు మేమే చూసుకుంటాము, మీరిచ్చేదానికి తక్కువ కాకుండా ఇస్తాము" అని ప్రభుత్వం దగ్గర మినహాయింపు తెచ్చుకుని, సొంతంగా ట్రస్టు పెట్టుకోవడం. మన సోదరిగారి భర్త ట్రస్టీ అయినది ఇటువంటి దానిలోనే.

ఆ ట్రస్టులో యాజమాన్యం తరఫున ఎంతమంది ఉంటారో ఉద్యోగుల తరఫునా అంతమందే ఉండాలి. మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. ప్రభుత్వం ప్రకటించిన వడ్డీకి తక్కువ ఇవ్వరాదు. 2024-25 సంవత్సరానికి ఆ వడ్డీ నూటికి 8.25. ట్రస్టు సంపాదన అంతకు చాలకపోతే లోటు కంపెనీ పూడ్చాలి. పెట్టుబడి పొరపాటు వల్ల గాని మోసం వల్ల గాని నష్టం వచ్చినా కంపెనీయే పెట్టుకోవాలి. ఏటేటా ఆడిటు జరగాలి, ప్రతి ఉద్యోగికీ లెక్క కాగితం ఇవ్వాలి. ఇవన్నీ మినహాయింపు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం పెట్టిన షరతులు.

సొమ్ము ఎంతో ఒక లెక్క వేసి చూద్దాము. ఒక ఉద్యోగి జీతం 30,000 అనుకోండి. పూర్తి జీతంమీద నూటికి 12 చొప్పున అతని వాటా 3,600. కంపెనీ వాటా కూడా 3,600. అందులో 1,250 పెన్షను నిధికి పోతే, 2,350 ఫండుకు వస్తుంది. అంటే నెలకు 5,950. అటువంటివారు ఆరువందలమంది ఉంటే నెలకు 35 లక్షల 70 వేలు, సంవత్సరానికి 4 కోట్ల 28 లక్షల పైచిలుకు. పాతికేళ్ళలో ఇది వడ్డీతో ఎంత అవుతుందో మీరే ఊహించుకోండి. ఇందులో ఎందరో అమ్మాయిల పెళ్ళిళ్ళు, కొడుకుల చదువులు, పైకప్పులు, ఆపరేషన్లు ఉన్నాయి. సోదరీ, మీవారికి నిద్ర పట్టకపోవడం ఆశ్చర్యం కాదు. ఇంత సొమ్ముకు కాపలా పెడితే నిద్ర పట్టేవాడికన్నా పట్టనివాడే నయం.

ధర్మకర్త అనే మాట మనకు గుళ్ళ వల్ల అలవాటు. దేవుడి మాన్యాన్ని ధర్మకర్త తన సొంతానికి వాడుకోకూడదని ఊళ్ళో చిన్నపిల్లవాడికీ తెలుసు. ట్రస్టీ అన్నా అదే. 1882 నాటి ట్రస్టుల చట్టం చెప్పేది సూటిగా ఉన్నది. తెలివైన సామాన్యుడు తన సొంత సొమ్మును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో ఈ సొమ్మునూ అంత జాగ్రత్తగా చూడాలి. దానిమీద తాను లాభం పొందకూడదు. తన పని ఇంకొకరికి అప్పగించి ఊరుకోకూడదు. పదిమంది ట్రస్టీలు ఉన్నచోట పదిమందీ కలిసి చెయ్యాలి గాని, ఒకరు చేసి మిగతావారు తల ఊపడం పనికిరాదు.

ఇక్కడే మీవారు గమనించవలసిన సంగతి ఉన్నది. తోటి ట్రస్టీ చేసిన తప్పుకు మామూలుగా మనం బాధ్యులం కాము. కాని ఆ తప్పు మనకు తెలిసి దాచిపెట్టినా, తగిన సమయంలో చెయ్యవలసింది చెయ్యక ఊరుకున్నా మనమూ బాధ్యులమే. మినహాయింపు షరతులైతే మరీ గట్టివి. ఫండులోకి వచ్చినదానికీ పోయినదానికీ సరియైన లెక్క చెప్పే బాధ్యత ట్రస్టీలు అందరికీ కలిపీ ఉన్నది, ఒక్కొక్కరికి విడివిడిగానూ ఉన్నది. కనుక "నేను కార్మికుణ్ణి, నాకు లెక్కలు తెలియవు, పెట్టమన్నచోట పెట్టాను" అంటే చెల్లదు.

"నష్టం వస్తే కంపెనీయే ఇస్తుందని మీరే చెప్పారు గదా, ఇంక భయమెందుకు?" అని మీరు అడగవచ్చు. కంపెనీ బాగున్నంతకాలం ఇస్తుంది. మూడు నెలలుగా జీతాల్లో కోసిన సొమ్మే కట్టలేని కంపెనీ, రేపు కోట్ల నష్టం ఎక్కడనుంచి తెచ్చి పూడుస్తుంది? ఆ రెండు సంగతులనూ మీ ఉత్తరంలో పక్కపక్కనే చదివినప్పుడు నా గుండె కొంచెం జారింది.

జరగని సంగతి కాదు సుమండీ. 2018 సెప్టెంబరులో ఐ.ఎల్.అండ్.ఎఫ్.ఎస్. అనే పెద్ద సంస్థ బాకీలు తీర్చలేక కూలబడింది. ఆ సంవత్సరం మధ్యదాకా దాని బాండ్లకు అన్నిటికన్నా పై రేటింగు ఉండేది. ఆ రేటింగును నమ్మి సొమ్ము పెట్టినవారిలో ఉద్యోగుల ప్రావిడెంటు ఫండు ట్రస్టులు చాలా ఉన్నాయి. మరుసటి సంవత్సరం ఉత్తరప్రదేశ్ విద్యుత్ సంస్థ ఉద్యోగుల ఫండు సంగతి బయటపడింది. డి.హెచ్.ఎఫ్.ఎల్. అనే గృహఋణాల కంపెనీలో పెట్టిన వారి సొమ్ములో సుమారు 2,268 కోట్లు చిక్కుకుపోయింది. ట్రస్టు కార్యదర్శినీ, సంస్థ మాజీ ఆర్థిక డైరెక్టరునూ 2019 నవంబరులో అరెస్టు చేశారు. ఉద్యోగులు పనులు మాని రోడ్డెక్కారు.

దూరదేశంలోనూ ఇదే కథ. బ్రిటన్‌లో రాబర్ట్ మాక్స్‌వెల్ అనే పత్రికాధిపతి 1991 నవంబరులో చనిపోయిన తరవాత చూస్తే, ఆయన కంపెనీల పెన్షను నిధులలో 40 కోట్ల పౌన్లకు పైగా కనబడలేదు. ఆ దెబ్బతో అక్కడ 1995లో కొత్త పెన్షను చట్టం తెచ్చారు. తరవాత 2004 చట్టంతో ట్రస్టీలలో కనీసం మూడోవంతు సభ్యులు ఎన్నుకున్నవారే ఉండాలన్నారు. మన దేశంలో మినహాయింపు ట్రస్టులలో సగం ఉద్యోగులే ఉండాలన్న నియమం ఉన్నది. నియమంలో మనమే ముందున్నాము. కాని కుర్చీలో కూర్చున్నవాడు నోరు విప్పకపోతే సగమైతేనేమి, మూడోవంతైతేనేమి?

పల్నాడులో పుట్టినవారికి కోడిపందెం కథ నేను చెప్పనక్కరలేదు. కారెంపూడి తిరునాళ్ళకు వెళ్ళి వచ్చిన పిల్లలందరికీ తెలుసు. పందెం ఒడ్డినవారు పెద్దలు, అడవుల పాలయినవారు మాత్రం వారిని నమ్ముకున్నవారందరూ. సొంత సొమ్ము ఒడ్డుకునేవాడి సంగతి వాడి భార్య చూసుకుంటుంది. పదిమంది సొమ్ము ఒడ్డడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. ఆ కాగితంమీద మీవారు సంతకం పెట్టరాదు. జరగని మీటింగు జరిగినట్టు, లేని తేదీన ఉన్నట్టు వ్రాసిన కాగితం అది. బాండ్లు మంచివి అయినా సరే, ఆ కాగితం మంచిది కాదు.

పెట్టనని పోట్లాడనక్కరలేదు. ట్రస్టు కార్యదర్శికి మర్యాదగా నాలుగు వాక్యాలు వ్రాసి ఇవ్వమనండి: ఈ తీర్మానాన్ని మీటింగులో పెట్టండి, దాని కాగితాలు ముందుగా ఇప్పించండి అని. ఆ చీటీ నకలుమీద అందినట్టు సంతకం తీసుకుని ఇంట్లో దాచండి. మీటింగులో అడగవలసినవి కష్టమైన ప్రశ్నలేమీ కావు. ఆ కంపెనీ ఏమిటి, దాని రేటింగు ఎంత, ఎవరిచ్చారు? సొమ్ము తిరిగి ఎప్పుడు వస్తుంది? ప్రభుత్వం చెప్పిన పెట్టుబడి పద్ధతికి లోబడి ఉన్నదా? మధ్యవర్తి ఎవరు, వాడికేమి ముడుతుంది? ఆ కంపెనీకీ మన యాజమాన్యానికీ చుట్టరికం ఉన్నదా? పెట్టుబడి పద్ధతి అంటే, 2015లో ప్రకటించిన ప్రకారం సగానికి అటూ ఇటూగా ప్రభుత్వ ఋణపత్రాలలో ఉండాలి, షేర్ల తరహావాటిలో నూటికి 15 మించకూడదు. జవాబులు నచ్చకపోతే "నాకు సమ్మతం కాదు" అని మినిట్సు పుస్తకంలో వ్రాయించాలి. నోటితో అని ఊరుకుంటే అది గాలికి పోతుంది.

మూడు నెలల బాకీ సంగతి దీనికన్నా పెద్దది. ఒక నెల చందా మరుసటి నెల 15వ తేదీలోగా ట్రస్టుకు చేరాలి. ఆలస్యమైతే కంపెనీ వడ్డీతో ఇవ్వాలి. ఉద్యోగి జీతంలో కోసిన వాటాను కట్టకుండా వాడుకుంటే అది నమ్మకద్రోహం కింద నేరమని పాత శిక్షాస్మృతి చెప్పింది, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితా చెబుతున్నది. కంపెనీకి మినహాయింపు ఉన్నంతమాత్రాన ఇది తప్పదు. కనుక మీవారు ఈ సంగతీ వ్రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాకపోతే గుంటూరులో ప్రావిడెంటు ఫండు ప్రాంతీయ కార్యాలయం ఉన్నది, అక్కడికి వ్రాయాలి. తెలిసి ఊరుకోవడం మాత్రం ఇప్పుడు ఆయన చేతిలో లేదు. పుస్తకం చూసిన రోజునే ఆ వెసులుబాటు పోయింది. రాజీనామా ఇచ్చినా, చూసింది చూడనట్టు కాదు.

ఇక్కడ కుర్చీలో కూర్చుని ఇలా వ్రాయడం నాకు తేలికే. ఉద్యోగం పోతే మీ ఇంట్లో పొయ్యి వెలిగించవలసినది మీరు. అది మరిచి వ్రాస్తున్నానని అనుకోకండి. అందుకే చెబుతున్నాను, మీవారు ఒంటరిగా వెళ్ళవద్దు. ఉద్యోగుల తరఫున ఉన్న తక్కిన ట్రస్టీలు ఇప్పటికే సంతకం పెట్టినా, వారిని ఒకరోజు సాయంత్రం మీ ఇంటికి కాఫీకి పిలవండి. నిజం చెప్పాలంటే వారికీ నిద్ర పడుతూ ఉండదు. ముగ్గురు కలిసి అడిగితే అది ట్రస్టీల మాట అవుతుంది, ఒక్కడు అడిగితే అది మొండితనం అనిపించుకుంటుంది. యూనియను ఉంటే వారికీ తెలియాలి.

ఇక పెన్షను సంగతి. ఇది ఫండు కాదు, వేరు. 1995 నవంబరు 16 నుంచి వచ్చిన పెన్షను పథకం సొమ్ము కంపెనీ ట్రస్టు దగ్గర ఉండదు. కంపెనీ వాటాలోంచి నూటికి 8.33 వంతు ప్రభుత్వ సంస్థకే పోతుంది. 2014 సెప్టెంబరు 1 నుంచి జీతం పరిమితి 15,000. కనుక ముప్ఫై ఏళ్ళ సర్వీసుకు, 15,000ను 30తో గుణించి 70తో భాగిస్తే నెలకు సుమారు 6,428. ఇరవై ఏళ్ళు దాటిన సర్వీసుకు రెండేళ్ళు కలుపుతారు గనుక 6,857 దాకా వస్తుంది. అసలు జీతం 40,000 అయితే దానిమీద పెన్షను కట్టమన్నదే "ఎక్కువ పెన్షను" గొడవ.

దీనిమీద సుప్రీంకోర్టు 2022 నవంబరు 4న తీర్పు చెప్పింది. 2014 సవరణలను స్థూలంగా నిలబెట్టింది. ఆ సెప్టెంబరు 1 నాటికి ఉద్యోగంలో ఉండి ఎంపిక తెలుపలేకపోయినవారికి మరొక అవకాశం ఇచ్చింది. ట్రస్టులున్న కంపెనీల ఉద్యోగులనూ తక్కినవారితో సమానంగా చూడాలన్నది. పరిమితికి మించిన జీతంమీద ఉద్యోగి నుంచి 1.16 వంతు అదనంగా వసూలు చెయ్యడం చెల్లదన్నది. దరఖాస్తుల గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2023 జూలై 11 దాకా వచ్చింది. మీరు పెట్టినది అప్పుడే.

అయితే 2025 జనవరిలో ప్రావిడెంటు ఫండు సంస్థ ఒక వివరణ ఇచ్చింది. మినహాయింపు కంపెనీలలో ట్రస్టు నిబంధనలు ఏమి చెబితే అదే అన్నది. నిబంధనలలో చందా 15,000 పరిమితికే అని వ్రాసి ఉంటే ఎక్కువ పెన్షను ఇవ్వలేమన్నది. దీనిమీద అనేకమంది ఉద్యోగులు హైకోర్టులకు వెళ్ళారు. చూశారా సోదరీ, ఎన్నడో ఎవరో ట్రస్టీలు చదవకుండా సంతకం పెట్టిన నిబంధన ఒకటి, ఇన్నేళ్ళ తరవాత ఇంతమంది ముసలివాళ్ళ పెన్షనుకు ఎలా అడ్డుపడిందో! మీవారు చెయ్యవలసిన మొదటి పని మీ ట్రస్టు పత్రం పూర్తి నకలు తెచ్చుకుని చదవడం. అది అడిగే హక్కు ట్రస్టీకి కాకపోతే ఇంకెవరికున్నది? జీతంలో చందా నిజంగా ఎంతమీద కోశారో చూపే పాత చీటీలు ఇంట్లో ఉంటే వాటిని కట్టకట్టి దాచండి. ఎక్కువ పెన్షను మంజూరయితే వెనకటి తేడా సొమ్ము వడ్డీతో ఫండులోంచి అటు మళ్ళించాలి గనుక, అమ్మాయి పెళ్ళికి ఉంటుందనుకున్న సొమ్ము తగ్గుతుంది. ఆ లెక్క ఇద్దరూ కూర్చుని వేసుకోండి.

పెళ్ళికి ఫండులోంచి తీసుకోవచ్చునా అని మీరు అడగలేదు గాని, మనసులో ఉండే ఉంటుంది. ట్రస్టీ అయినా ఆయన సభ్యుడే, అందరిలాగే అడగవచ్చు. ఆ దరఖాస్తు మంజూరు చేసే కాగితంమీద మాత్రం తాను సంతకం చెయ్యకుండా తప్పుకోవాలి.

చట్టాలు కూడా మారుతున్నాయి. 1952 చట్టాన్ని తనలో కలుపుకునే సామాజిక భద్రతా స్మృతి 2020లో ఆమోదం పొందింది. నాలుగు కార్మిక స్మృతులనూ 2025 నవంబరు 21 నుంచి అమలులో పెట్టినట్లు ప్రభుత్వం ప్రకటించింది. జీతంలో అలవెన్సులు సగానికి మించితే మించినంత మేర జీతంగానే లెక్కకట్టాలన్న మాట అందులో ఉన్నది. మూలవేతనం చిన్నది చేసి అలవెన్సులు పెంచి చందా తగ్గించే చోట్ల ఇది తేడా తెస్తుంది. ట్రస్టీ అయినవారు ఈ మార్పులు తెలుసుకుంటూ ఉండాలి.

తక్కిన అక్కచెల్లెళ్ళకు ఒక్క మాట. మీ ఇంటాయన ట్రస్టీ కాకపోవచ్చు. అయినా ఈ వారంలో ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక మూడు సంగతులు అడగండి. కిందటి సంవత్సరం ఫండు లెక్క కాగితం ఏది? నామినీగా ఎవరి పేరు ఉన్నది? పెళ్ళికి ముందు వ్రాసిన పేరే ఇంకా ఉన్నదా? చందాలు నెలనెలా పడుతున్నాయా? "నీకెందుకు ఇవన్నీ?" అంటే నవ్వి, మళ్ళీ మర్నాడు అడగండి.

నరసరావుపేట సోదరీ, మీ అత్తగారు కోటప్పకొండలో కొబ్బరికాయ కొట్టి వచ్చారు గదా, ఆ సంగతి మీవారికి ఒకసారి గుర్తు చెయ్యండి. ఆయన్ను ఎన్నుకున్నవారు సంతకాలకోసం ఎన్నుకోలేదు, నమ్మి ఎన్నుకున్నారు. కాఫీకి పిలిచిన తరవాత ఏమి జరిగిందో నాకు వ్రాయండి. అమ్మాయి శుభలేఖ కూడా పంపండి.